మీ ఫైలుకు మీరే గుమాస్తా

బీటెక్ మొదటి ఏడాదిలో ఉన్న పిల్లవాణ్ణి "స్కాలర్‌షిప్ ఎంతవరకు వచ్చింది?" అని అడిగి చూడండి. "నాన్న చూసుకుంటున్నాడండీ" అంటాడు. నాన్నను అడిగితే "కాలేజీవాళ్లే పెట్టేశారట" అంటాడు. కాలేజీ ఆఫీసులో ఆ సెక్షన్ చూసే గుమాస్తాను అడిగితే "మేం ఫార్వర్డ్ చేసేశాం, పైన పెండింగ్" అంటాడు. పైన అంటే ఎక్కడ? ఎవరి లాగిన్‌లో? ఎందుకు ఆగింది? ముగ్గురిలో ఎవరికీ తెలీదు. ఎవరి మట్టుకు వాళ్లు నిజమే చెబుతున్నారు. కానీ డబ్బు రాకపోతే హాల్ టికెట్ దగ్గర నిలబెట్టేది ఆ పిల్లవాణ్ణే.

నేను చూసినంతలో, అర్హత లేక సాయం పోగొట్టుకున్నవాళ్లు తక్కువ. అన్నీ ఉండి, ఆధార్‌లో ఒక అక్షరం తేడా వల్లో, నిద్రపోయిన బ్యాంకు ఖాతా వల్లో, రెండో ఏడాది రెన్యువల్ పెట్టకపోవడం వల్లో పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. అందుకే ఈ అధ్యాయంలో ఏ పథకానికి ఎంత వస్తుందన్న దానికంటే, వచ్చేది మధ్యలో ఎక్కడ జారిపోతుందన్న దాని మీదే ఎక్కువ మాట్లాడతాను. పథకాల పేర్లు ప్రభుత్వం మారితే మారతాయి. జారిపోయే చోట్లు మాత్రం ఏళ్ల తరబడి అవే.

ముందు మీ లెక్క మీరు తెలుసుకోండి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక, మన రెండు రాష్ట్రాల్లోనూ కాలేజీ చదువుకు అదే వెన్నెముక. ఇందులో రెండు ముక్కలుంటాయి. ట్యూషన్ ఫీజు భరించేది ఆర్‌టీఎఫ్. హాస్టలు, మెస్ ఖర్చుకు ఇచ్చేది ఎంటీఎఫ్. ఆఫీసులో ఎవరైనా "మీది శాంక్షన్ అయింది" అంటే ఈ రెండిట్లో ఏది అయిందో అడగాలి. ఒకటి అయి, రెండోది ఆగిన సందర్భాలు కొల్లలు.

తెలంగాణలో దరఖాస్తు ఈ-పాస్ పోర్టల్లో. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగ విద్యార్థులకు పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఇంజినీరింగ్‌లో చేరే బీసీ, ఈబీసీ పిల్లలు ఒక మెలిక గుర్తుపెట్టుకోవాలి. ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు వస్తుంది. దాటితే మామూలుగా ఏడాదికి 35,000 దగ్గర ఆగిపోతుంది. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతా 65,000 మీ జేబులోంచే. నాలుగేళ్లకు 2,60,000. వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ఏ కాలేజీలో ప్లేస్‌మెంట్లు బాగున్నాయన్న చర్చ ఇంట్లో గంటల కొద్దీ నడుస్తుంది. ఈ 2,60,000 ఎక్కణ్నుంచి వస్తుందన్న మాట మాత్రం సీటు అలాట్ అయ్యాక గానీ ఎవరికీ గుర్తుకురాదు. అందులోనూ రీయింబర్స్‌మెంట్ అంటే ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజుకే. బస్సు, ట్రైనింగ్ ఫీజు, యూనిఫాం, ఇంకా రకరకాల పేర్లతో కాలేజీ వసూలు చేసేవి అందులోకి రావు. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ సీట్లకు అసలే రాదు. "సీటు ఇప్పిస్తాం, రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది" అని ఎవరైనా కన్సల్టెన్సీవాడు అంటే, కన్వీనర్ కోటా అలాట్‌మెంట్ ఆర్డరు చేతికిస్తావా అని ఒక్క ప్రశ్న వేయండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయ పరిమితి 2.5 లక్షలు. దాంతోపాటు భూమి, సొంత నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను అన్నీ చూస్తారు. ఆటో, టాక్సీ, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. ఇక్కడ దెబ్బతినేది చాలావరకు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ దగ్గర. అన్నయ్యకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, పన్ను కడుతున్నాడు, పెళ్లయి వేరు కాపురం పెట్టాడు. సచివాలయం రికార్డులో మాత్రం ఇంకా మీ ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడి పేరు అనర్హుల జాబితాలో తేలుతుంది. ఈ పని సచివాలయంలో తేలేసరికి వారాలు పడుతుంది. అందుకే నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా, మీ ఇంటి మ్యాపింగ్‌లో ఎవరెవరు ఉన్నారో ఇప్పుడే వెళ్లి చూసుకోండి.

ఆ రాష్ట్రంలో డబ్బు నడిచే దారి కూడా మారుతూ వచ్చింది. విద్యాదీవెన పథకం రోజుల్లో ఫీజు తల్లి ఖాతాలోకి వెళ్లేది, తర్వాత తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతాకు మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీకే అన్నారు. సీనియర్ల అనుభవం మీకు పనికిరానిది ఇలాంటి చోటే. "మా అప్పుడు అమ్మ అకౌంట్‌లో పడిందిరా" అన్న మాట నమ్ముకుని కూర్చోకండి. ఈ ఏడాది ఉత్తర్వు ఏం చెబుతోందో జ్ఞానభూమి పోర్టల్లో చూసుకోండి.

ఎస్సీ విద్యార్థులకు ఇంకో మాట. 2021లో కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనలు మార్చాక ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఆధార్‌కు జోడించిన బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందులో ఫీజు భాగం కూడా ఉంటుంది. అది కాలేజీకి కట్టాల్సిన సొమ్ము. తెలియక ఇంటి అవసరాలకు వాడేసుకుని, ఏడాది చివర కాలేజీ అడిగినప్పుడు బిక్కమొహం వేసిన కుటుంబాలున్నాయి. పడ్డ రోజే ఎంత ఫీజుదో, ఎంత మీ ఖర్చుదో విడదీసి, ఫీజు భాగం కట్టి రసీదు తీసుకోండి.

పేరులో ఏముంది అంటే, అంతా పేరులోనే ఉంది

మన పేర్లతో వచ్చే చిక్కు ఇంకే రాష్ట్రంవాళ్లకూ ఇంతగా ఉండదేమో. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది. ఇంటర్ మెమోలో "సాయి"కి ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి. మనుషులకు ఇదంతా ఒకే కుర్రాడు. కంప్యూటరుకు నలుగురు.

వీటన్నిటికీ మూలం పదో తరగతి మెమో. మిగతావన్నీ దానికి సరిపోవాలి గానీ, అది వీటికి సరిపోనక్కర్లేదు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ మెమో ప్రకారం మార్పించుకోండి, ఆ తర్వాత ఆధార్ ప్రకారం బ్యాంకులో. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మారుస్తారు కాబట్టి, ఆధార్ కేంద్రంలో ఆపరేటరు తెర మీద టైపు చేసింది సంతకం పెట్టేముందు మీ కళ్లతో చదవండి. ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు మీ చేతిలో ఉన్నదే అయ్యుండాలి. నాన్న పాత సిమ్ నంబరు ఉంటే ఓటీపీ ఎవరి ఫోన్‌కో పోతుంది, మీరు మీసేవ కౌంటరు దగ్గర నిలబడి ఊరికి ఫోన్లు చేస్తుంటారు.

పత్రాల్లో కులధ్రువీకరణ ఒకసారి తీసుకుంటే చాలావరకు నిలిచేదే. ఆదాయ ధ్రువీకరణ అలా కాదు. తెలంగాణలో అది ఏడాది కాగితం. చాలామంది నోటిఫికేషన్ వచ్చాక మీసేవకు పరిగెడతారు. అదే వారం మండలమంతా పరిగెడుతుంది. ఇంటర్ పరీక్షలు అయిపోయి, ఎప్‌సెట్‌కు చదువుకునే రోజుల్లోనే ఇది తెచ్చి పెట్టుకుంటే, అడ్మిషన్ రద్దీలో ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కే పని తప్పుతుంది. ఒక జాగ్రత్త: ఆదాయం నిజంగా ఎంతో అంతే రాయించండి. పరిమితికి సరిగ్గా 500 తక్కువ రాయించి ఇస్తామనే మధ్యవర్తులు ఉంటారు. నాన్న జీతం చీటీయో, బ్యాంకు లోనుకు ఇచ్చిన పత్రమో రేపు ఇంకో అంకె చూపిస్తే, వచ్చిన సొమ్ము వెనక్కి కట్టాల్సింది మీరే.

బ్యాంకు దగ్గర మూడు గోతులు

శాంక్షన్ అయింది, బిల్లు కదిలింది, డబ్బు మాత్రం రాలేదు. ఈ ఫిర్యాదు విన్నప్పుడు మొదట చూడాల్సింది బ్యాంకునే.

మొదటి గొయ్యి ఆధార్ సీడింగ్. "నా ఖాతాకు ఆధార్ లింక్ అయ్యే ఉందండీ" అంటారు. బ్యాంకు కేవైసీకి ఆధార్ తీసుకోవడం వేరు. ప్రభుత్వ సొమ్ము ఏ బ్యాంకుకు పంపాలో చెప్పే ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో మీ ఆధార్ నమోదు కావడం వేరు. మొదటిది ఉండి రెండోది లేకపోతే పైసా రాదు. ఇంకో చిత్రం, మ్యాపర్‌లో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా ఎవరు సీడ్ చేస్తే వాళ్లది. దరఖాస్తులో మీరు రాసిన ఖాతా నంబరు ఏదైనా, ఆధార్ ద్వారా పంపే సొమ్ము మ్యాపర్ చెప్పిన చోటికే పోతుంది. 2017లో దేశంలో లక్షలమంది గ్యాస్ సబ్సిడీ ఇలాగే దారి మళ్లింది. సిమ్ కార్డు ధ్రువీకరణకు వేలిముద్ర వేస్తే, వాళ్లకు తెలియకుండానే ఒక పేమెంట్స్ బ్యాంకులో ఖాతా తెరుచుకుని సబ్సిడీ అందులో పడింది. కాలేజీ గేటు దగ్గర గొడుగు కింద కూర్చుని "జీరో అకౌంట్, ఉచిత టీషర్టు" అంటూ పిలిచేవాళ్ల దగ్గర వేలిముద్ర వేసేముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో లాగిన్ అయితే బ్యాంకు సీడింగ్ స్టేటస్ కనిపిస్తుంది. ఏ బ్యాంకు, ఏ తేదీ, యాక్టివా కాదా అన్నీ ఉంటాయి. దరఖాస్తు పెట్టే ముందోసారి, డబ్బు పడే రోజుల ముందోసారి చూసుకోండి.

రెండో గొయ్యి చిన్న ఖాతా. సరైన పత్రాల్లేకుండా తెరిచిన ఈ రకం ఖాతాలో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో వచ్చే మొత్తం జమలు లక్ష దాటకూడదు, నెలకు 10,000 మించి తీయకూడదు. బడిలో ఉన్నప్పుడు తెరిచిన మైనర్ ఖాతాదీ ఇదే తంతు. 18 నిండాక కొత్త సంతకం, కొత్త కేవైసీ ఇవ్వకపోతే బ్యాంకు లావాదేవీలు ఆపేస్తుంది. స్కాలర్‌షిప్ సొమ్ము అక్కడిదాకా వచ్చి తిరుగుముఖం పడుతుంది. ఒకసారి వెనక్కి వెళ్లిన సొమ్ము మళ్లీ బిల్లు కట్టి తెప్పించుకోవడం కొత్తగా తెచ్చుకోవడం కంటే కష్టం. ఇంటర్ అయ్యాక బ్యాంకుకు స్వయంగా వెళ్లి, పూర్తి కేవైసీతో మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించుకోండి.

మూడోది నిద్రపోయిన ఖాతా. రెండేళ్లు ఖాతాదారు వైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే బ్యాంకు దాన్ని పక్కన పెడుతుంది. స్కాలర్‌షిప్పుల కోసం తెరిచిన ఖాతాలను అలా పక్కన పెట్టవద్దని రిజర్వు బ్యాంకు 2024లో చెప్పింది నిజమే. కానీ బ్రాంచిలో మీ ఖాతా ఏ రకంగా నమోదైందో మీకెలా తెలుస్తుంది? మూడు నెలలకోసారి వంద రూపాయలు వేయండి, తీయండి. అంతకంటే తేలికైన బీమా లేదు.

హాజరు: 65కీ 75కీ మధ్య ఉన్న అగాధం

ఇంజినీరింగ్ పిల్లలకు 75 శాతం హాజరు అన్న అంకె తెలుసు. దాని పక్కనే ఇంకో అంకె కూడా బాగా తెలుసు, 65. జేఎన్‌టీయూ పద్ధతిలో 65కూ 75కూ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి, కండొనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాసుకోవచ్చు. దీంతో కుర్రాళ్ల మనసులో 65 చాలనే లెక్క పడిపోయింది. అయితే కండొనేషన్ మిమ్మల్ని పరీక్ష హాలు దాకానే తీసుకెళ్తుంది. రీయింబర్స్‌మెంట్ అడిగే 75 మాత్రం అక్కడే ఉంటుంది. పరీక్ష రాసి, పాసై, ఆ ఏడాది ఫీజు మాత్రం సొంతంగా కట్టుకోవాల్సి రావచ్చు. సినిమా విడుదలకు బంకు కొట్టిన రోజుల ఖరీదు ఎంతో లెక్క కట్టుకుంటే మల్టీప్లెక్సు టికెట్టు చవకనిపిస్తుంది.

నిజంగా జ్వరం వచ్చి మంచాన పడితే, ఆస్పత్రి కాగితాలు ఆ వారంలోనే డిపార్ట్‌మెంటులో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం వేయించుకోండి. సెమిస్టరు చివర తెచ్చే మెడికల్ సర్టిఫికెట్టును ఎవరూ పెద్దగా నమ్మరు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పూ లేదు. హాజరు పోస్టయ్యే రోజుల్లో నెలకోసారి మీ శాతం చూసుకోండి. ల్యాబులో ఉండి కూడా ఆబ్సెంట్ పడిన రోజులు అప్పటికప్పుడు సరిచేయించుకోవడం తేలిక.

డిటెయిన్ అయితే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఒకే ఏడాది చదువుకు ప్రభుత్వం రెండుసార్లు ఫీజు కట్టదు. ఆగిపోయిన ఏడాది మీ ఖర్చు. తిరిగి పై ఏడాదిలోకి వెళ్లాక సాయం కొనసాగించుకోవచ్చు, కానీ ఆ కొనసాగింపు దానంతటదే జరగదు, ఆఫీసులో అడిగి తీసుకోవాలి. అలాగే ఒక డిగ్రీ చేసి, మళ్లీ అదే స్థాయిలో ఇంకో డిగ్రీలో చేరితే పోస్ట్ మెట్రిక్ సాయం రాదు. బీఎస్సీ తర్వాత బీఏ అన్నమాట. పాలిటెక్నిక్ చేసి లేటరల్ ఎంట్రీలో బీటెక్‌కు వెళ్లడం పై మెట్టే కాబట్టి దానికి ఇబ్బంది లేదు.

రెండో ఏడాది మరుపు

ఫ్రెష్ దరఖాస్తుకు ఇంటిల్లిపాదీ కదులుతారు. రెన్యువల్‌కు ఎవరూ కదలరు. మొదటి ఏడాది వచ్చింది కదా, అదే వస్తుందనుకుంటారు. ఏటా రెన్యువల్ పెట్టాలి, ఏటా కాలేజీ దాన్ని ధ్రువీకరించాలి. తెలంగాణలో ఆన్‌లైన్‌లో పెట్టాక మీసేవలో బయోమెట్రిక్ వేయాలి, ప్రింటు తీసి పత్రాలతో కాలేజీలో ఇవ్వాలి, కాలేజీ తన లాగిన్ నుంచి పై అధికారికి పంపాలి, అక్కణ్నుంచి శాంక్షన్, బిల్లు, ట్రెజరీ. దరఖాస్తు నంబరుతో పోర్టల్లో స్టేటస్ చూస్తే ఏ మెట్టు మీద ఆగిందో కనిపిస్తుంది. "పైన పెండింగ్" అన్న మాటకు సమాధానం అక్కడుంది. ప్రిన్సిపల్ లాగిన్‌లోనే ఉంటే పైన ఏమీ లేదు, కిందే ఉంది.

హార్డ్ కాపీ ఇచ్చేటప్పుడు ఒక జిరాక్సు మీద తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోవడం అలవాటు చేసుకోండి. గుమాస్తా విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. నవ్వుతూ నిలబడితే ఎవరైనా సంతకం పెడతారు. ఆ సెక్షన్‌లో ఒక్క మనిషి వందల ఫైళ్లు చూస్తుంటాడు. అతనికి మీరు శత్రువు కాదు, అతను మీకు శత్రువు కాదు. ఆఖరి తేదీ సాయంత్రం వెళ్లి కేకలేసేవాడికంటే, పది రోజుల ముందు అన్నీ వరసగా పిన్ చేసి తెచ్చినవాడి ఫైలే ముందు కదులుతుంది.

నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టించడం తప్పుకాదు. కానీ చాలామంది సెంటర్‌వాడి ఫోన్ నంబరు, సెంటర్‌వాడి ఈమెయిలుతో రిజిస్టర్ అవుతారు. మరుసటి ఏడాది ఆ దుకాణం ఉండదు, పాస్‌వర్డు ఉండదు. నంబరు, ఈమెయిలు, పాస్‌వర్డు మూడూ మీవే ఉండాలి. ఏ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుకూ "రిలీజ్ ఫీజు" అనేది లేదు. స్కాలర్‌షిప్ ఆఫీసు నుంచి అంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి.

పరిమితి దాటినవాళ్లకు

ఇంటి ఆదాయం రాష్ట్ర పరిమితి కంటే కాస్త ఎక్కువ, లక్షల ఫీజు కట్టేంత లేదు. చిన్న ప్రైవేటు ఉద్యోగి, కిరాణా కొట్టు, ఆర్టీసీలో పనిచేసే నాన్న. వీళ్లు "మనకేం రాదులే" అని వదిలేస్తారు. చూడాల్సింది వీళ్లే. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఉన్న కేంద్ర మెరిట్ స్కాలర్‌షిప్పుకు కుటుంబ ఆదాయం 4.5 లక్షల దాకా ఉండొచ్చు. ఇంటర్‌లో 80 పర్సంటైల్ దాటాలి. డిగ్రీ మూడేళ్లు ఏటా 12,000, పీజీలో, అలాగే అయిదేళ్ల కోర్సుల చివరి రెండేళ్లు, బీటెక్ నాలుగో ఏడు 20,000 ఇస్తారు. దేశం మొత్తం మీద ఏటా 82,000 కొత్తవి, అందులో సగం అమ్మాయిలకు. నిలుపుకోవాలంటే ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు, ర్యాగింగ్ లాంటి ఫిర్యాదు లేకుండా ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవాళ్లు దీనికి పెట్టకూడదు. రెండూ పెట్టి, ఏది వస్తే అది అనుకునే తెలివి ఇక్కడ చెల్లదు. రెండూ ఆధార్ మీదే నడుస్తాయి.

పాలిటెక్నిక్‌లోనో ఇంజినీరింగ్‌లోనో చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ వారి ప్రగతి ఉంది. ఏటా 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా. దివ్యాంగులకు సక్షమ్, అంతే మొత్తం. వీటికి మొదటి ఏడాదిలోనే పెట్టాలి, రెండో ఏడాదిలో గుర్తుకొస్తే లాభం లేదు. లేటరల్ ఎంట్రీ వాళ్లకు మాత్రం చేరిన రెండో ఏడాదే మొదటిది. పది, ఇంటర్ ప్రభుత్వ బడుల్లో చదివి డిగ్రీలోనో డిప్లొమాలోనో చేరిన అమ్మాయిలకు అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ ఏటా 30,000 ఇస్తోంది, తెలంగాణ ఆ జాబితాలో ఉంది. ప్రైవేటు సంస్థలవి ఇంకా ఉన్నాయి. చాలావాటిలో వ్యాసం రాయమంటారు. "నాకు చిన్నప్పటి నుంచి చదువంటే ప్రాణం" అని మొదలుపెట్టే వ్యాసాలు వాళ్ల దగ్గర బస్తాల కొద్దీ ఉంటాయి. మీ ఇంటి నెల ఆదాయం ఎంత, ఖర్చు ఎంత, ఈ డబ్బు ఏ ఖర్చుకు, రాకపోతే ఏం మానుకోవాల్సి వస్తుంది అన్నది అంకెలతో రాయండి.

అప్పు తప్పనప్పుడు

విద్యారుణం అంటే మన ఇళ్లలో రెండే భావాలు. ఒకటి భయం, రెండోది "ఎలాగూ మాఫీ చేస్తారు" అన్న ధీమా. రెండూ వదిలేసి లెక్క చూద్దాం.

4 లక్షల దాకా తాకట్టు, బయటి జామీను అక్కర్లేదు, తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. 7.5 లక్షల దాకా కేంద్రం క్రెడిట్ గ్యారంటీ నిధి ఉంది కాబట్టి అక్కడిదాకా కూడా ఆస్తి పత్రాలు అడగనక్కర్లేదు. అయినా అడిగే మేనేజరుంటే, తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి. జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు ఒక ఉత్తరం పెట్టండి. అసలు దరఖాస్తు నోటిమాటగా కాకుండా ఆన్‌లైన్ విద్యారుణ పోర్టల్ ద్వారా పెడితే, "మీరు రానేలేదు" అనే వీలుండదు.

చదువుకునే కాలం, ఆ తర్వాత ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు 4 లక్షలు తీసుకున్నారనుకోండి, సాధారణ వడ్డీ 10 శాతం. మొదటి లక్ష మీద అయిదేళ్ల వడ్డీ 50,000. రెండోదాని మీద 40,000, మూడోదాని మీద 30,000, నాలుగోదాని మీద 20,000. కిస్తీలు మొదలయ్యేనాటికి బాకీ 5,40,000. మొదటి ఏడాది వడ్డీ నెలకు 833 రూపాయలే. అది ఇంట్లో కట్టగలిగితే అప్పటికప్పుడు కట్టేయండి, తర్వాత భారం పడదు.

కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపైతే, గుర్తింపు ఉన్న సంస్థలో సాంకేతిక, వృత్తి కోర్సు చదువుతుంటే, ఈ 1,40,000 వడ్డీని కేంద్ర వడ్డీ రాయితీ పథకం కింద ప్రభుత్వమే భరిస్తుంది. మధ్యలో చదువు మానేస్తే రాయితీ పోతుంది, అనారోగ్యం తప్ప వేరే కారణం చెల్లదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో ఎంపిక చేసిన అగ్రశ్రేణి సంస్థలు మొదట్లో 860. వాటిలో చేరిన 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ. మేనేజ్‌మెంట్ కోటావాళ్లకు లేదు. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో రీయింబర్స్‌మెంటో తీసుకుంటుంటే ఈ రాయితీ రాదు. కాబట్టి పై 35,000 లెక్కలో ఉన్నవాళ్లు ఏది ఎక్కువో కాగితం మీద వేసి చూసుకోండి. రాయితీ దానంతటదే రాదు. ఆదాయ పత్రం బ్రాంచిలో ఇచ్చి, ఏటా క్లెయిము వేశారో లేదో అడగాలి. చాలామందికి ఈ రాయితీ పోయేది అర్హత లేక కాదు, బ్రాంచిలో ఎవరూ టిక్కు పెట్టక.

డబ్బు ఆలస్యమైతే

అవుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ రీయింబర్స్‌మెంట్ బకాయిలు పాత కథే. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం మూసుకుని కూర్చున్నాయి కూడా. శాంక్షన్ అంటే మంజూరు, ట్రెజరీ టోకెన్ అంటే వరసలో నిలబడటం, డబ్బు పడటం మూడో సంగతి. ఈ మధ్యలో కాలేజీ మీ మీద పడుతుంది. ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం అంటుంది. ఇందులో ప్రభుత్వం పాపం పెద్దది. కానీ ఆ తగాదాలో నలిగేది మీరు కాబట్టి, చేతిలో కాగితం ఉండాలి. కట్టక తప్పకపోతే, "రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి చెల్లించబడును" అని రసీదు మీద రాయించుకోండి. చాలా కాలేజీలు రాయవు. రాయకపోతే మీరే ఈమెయిలులో ఆ మాట రాసి ప్రిన్సిపల్‌కు పంపండి, ఏ తేదీన ఎంత కట్టారో చెప్పండి.

సర్టిఫికెట్ల విషయం సూటిగా చెబుతాను. అసలు పత్రాలు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. చేరేటప్పుడు చూసి, వెనక్కి ఇచ్చేయాలి. అయినా ఇవ్వకపోతే ముందు రాతపూర్వకంగా అడగండి, తర్వాత విశ్వవిద్యాలయానికి, ఆపైన యూజీసీ లేదా ఏఐసీటీఈ ఫిర్యాదు పోర్టలుకు. ఒక్కడే అడిగితే విసిరికొడతారు, క్లాసులో ఇరవై మంది సంతకాలతో అడిగితే కుర్చీ వేస్తారు. ఎంత ముందుగా అడిగితే అంత మంచిది. ఉద్యోగంలో చేరే తేదీ వారంలో ఉందనగా అడిగితే బేరం మీ చేతిలో ఉండదు.

ఫైనలియర్ వాళ్లకు ఒక పని మిగిలింది. చివరి ఏడాది బిల్లు మీరు బయటికొచ్చాక, ఉద్యోగంలో చేరి నెలలైనాక పడొచ్చు. కాలేజీ రోజుల ఖాతా మూసేయకండి, ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు వదలకండి. కంపెనీ వాళ్లు జీతం ఖాతా కొత్త బ్యాంకులో తెరిపిస్తూ ఫారం మీద ఆధార్ సీడింగ్‌కు ఒప్పుకోలు అడుగుతారు. బకాయిలన్నీ పడేదాకా ఆ గడిలో టిక్కు పెట్టకండి.